ఎవరి బిడ్డకు ఎవరి సంతకం?

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని కొత్తగూడెం, భద్రాచలం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఒక కొత్త టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే గార్డసిల్ టీకా అది. అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాత్ అనే సంస్థ, గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, భారత వైద్య పరిశోధన మండలి అయిన ఐసీఎంఆర్‌ను, ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని కలుపుకొని చేపట్టిన పని. టీకాను తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. మన దగ్గర సుమారు 14,000 మందిని, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో వేరే కంపెనీ టీకాతో మరో 10,000 మందిని ఇందులో చేర్చారు. టీకా వేయించుకున్న పిల్లల్లో మన దగ్గర ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోయారు. మహిళల ఆరోగ్యంపై పనిచేసే సమా సంస్థ బృందం 2010 మార్చిలో భద్రాచలం ప్రాంతానికి వచ్చి వివరాలు సేకరించింది. ఏప్రిల్‌లో కేంద్రం ఈ పనిని ఆపించింది. కేంద్రం వేసిన విచారణ సంఘం 2011లో, పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో నివేదికలిచ్చాయి. సుప్రీంకోర్టులో 2012లోనే ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది.

ఇన్నేళ్లయినా ఈ వ్యవహారం మీద రెండు వాదాలు తలపడుతూనే ఉన్నాయి. మంచి టీకాను కాగితాల గొడవతో చెడగొట్టారన్నది ఒకటి. అడగకుండా చేసిన మేలు మేలు కాదన్నది రెండోది. కింది సంవాదంలో డాక్టరు, మాస్టారు ఫలానా వ్యక్తులు కారు. ప్రజారోగ్య శాఖలో పనిచేసిన వైద్యుడి గొంతు ఒక వాదానికి, ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడి గొంతు మరో వాదానికి పెట్టాను. ఎవరి పక్షాన్నీ బలహీనంగా చూపించే ఉద్దేశం లేదు. ఎటు మొగ్గుతానో మాత్రం చివర చెబుతాను.

డాక్టరు: మాస్టారూ, ముందు చావుల సంగతి తేల్చుకుందాం. మన దగ్గర చనిపోయిన ఐదుగురిలో ఒకరు నీళ్లలో మునిగిపోయారు, ఒకరిని పాము కరిచింది, ఇద్దరు పురుగుల మందు తాగారు, ఒకరికి మలేరియా ముదిరింది. గుజరాత్‌లో ఒకరిది పాముకాటు, ఒకరిది మలేరియా. ఈ చావులకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు కనబడటం లేదని విచారణ సంఘమే చెప్పింది. ఏజెన్సీలో పాముకాటు, మలేరియా ఈ టీకా రాకముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. అయినా ఇప్పటికీ 'ఖమ్మంలో టీకాకు పిల్లలు చచ్చిపోయారు' అనే మాటే తిరుగుతోంది. మరోవైపు చూడండి. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వస్తోంది, 77,000 మంది చనిపోతున్నారు. పదిహేడేళ్లలోపు టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో స్వీడన్ పరిశోధకులు లెక్కతో చూపించారు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో పూర్తి టీకా అందిన వాళ్లలో ఒక్క కేసూ కనిపించలేదని 2024లో స్కాట్లాండ్ నుంచి వచ్చింది. ఇంత పనికొచ్చే మందును మన పిల్లలకే మొదట ఇస్తుంటే, నీతి పేరు చెప్పి అడ్డుకున్నది ఎవరు? ఆ అడ్డు ఖరీదు ఎవరు కడతారు?

మాస్టారు: డాక్టరు గారూ, టీకా పిల్లల్ని చంపిందని నేను అనను. అట్లా అన్నవాళ్లు నా వాదానికి మేలు చేయలేదు, కీడే చేశారు. టీకా మంచిదన్న మాటనూ కాదనను. నేనడిగేది వేరే. ఆంధ్రప్రదేశ్‌లో సేకరించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. అంటే దగ్గర దగ్గర నూటికి ఇరవై తొమ్మిది మంది పిల్లల విషయంలో అమ్మానాన్నల మాటే లేదు. స్థాయీ సంఘం వంద పత్రాలు తీసి చూస్తే 69 పత్రాల్లో సాక్షి సంతకం లేదు. చాలా పత్రాల మీద తేదీ లేదు. ఒకే మనిషి ఏడు పత్రాల మీద సంతకం పెట్టాడు. ఇవన్నీ వార్డెన్ల సొంత తెలివితో జరిగినవి కావు. తల్లిదండ్రుల బదులు హెడ్మాస్టర్లే సంతకం చేయవచ్చని ప్రభుత్వమే ఆదేశం ఇచ్చింది. ఆ ఆదేశం చట్టబద్ధతే ప్రశ్నార్థకమని స్థాయీ సంఘం రాసింది. వార్డెన్ పిల్లకు అన్నం పెట్టిస్తాడు, రోగమొస్తే ఆసుపత్రికి తీసుకుపోతాడు. ఆ పెద్దరికం ఎవరూ కాదనరు. ఆపదలో ఆలస్యం చేయకుండా ఆపరేషన్‌కు సంతకం పెట్టినా ఎవరూ తప్పు పట్టరు. కానీ ముప్పై ఏళ్ల తర్వాత రావచ్చో రాకపోవచ్చో తెలియని జబ్బు కోసం, పరిశోధనలో భాగంగా, ఆరు నెలల్లో మూడు డోసులు వేసే సూదికి తొందరేముంది? పండుగకు ఇంటికి పోయిన పిల్లతో ఒక కాగితం పంపేంత వ్యవధి కూడా లేదా?

డాక్టరు: ఇక్కడే మీతో విభేదిస్తాను. పోలియో చుక్కలకు సంతకం తీసుకున్నామా? తట్టు టీకాకు తీసుకున్నామా? ఇప్పుడు ఏటా బడుల్లో నులిపురుగుల మాత్ర మింగిస్తున్నాం, ప్రతి తల్లి దగ్గరికీ కాగితం పంపుతున్నామా? గార్డసిల్‌ను 2008లోనే మన ఔషధ నియంత్రణ సంస్థ అమ్మకానికి అనుమతించింది. డబ్బున్నవాళ్లు పట్నంలో వేలకు వేలు పోసి తమ ఆడపిల్లలకు వేయించారు. అదే మందును గూడెం పిల్లకు ఉచితంగా ఇస్తే అది ప్రయోగం ఎట్లా అయింది? పాత్ సంస్థ మొదటి నుంచీ ఇది ఔషధ ప్రయోగం కాదు, టీకాను జనంలోకి ఎట్లా తీసుకుపోవాలో చూసే ప్రదర్శన పథకం అనే చెప్పింది. పట్నం తీరు తెలియడానికి కొత్తగూడెం, పల్లె తీరుకు తిరుమలాయపాలెం, గిరిజన ప్రాంతం తీరుకు భద్రాచలం ఎంచుకున్నారు. ఇందులో దాపరికమేముంది?

మాస్టారు: పోలియో చుక్కల పోలిక ఇక్కడ నిలవదు డాక్టరు గారూ. పోలియో టీకాను దేశం తన కార్యక్రమంగా నిర్ణయించింది. దానికి జాతీయ స్థాయిలో చర్చ, బడ్జెట్, ఏళ్ల తరబడి కొనసాగింపు ఉన్నాయి. అందరి పిల్లలతోపాటు మంత్రి మనవడికీ అవే చుక్కలు. 2009లో హెచ్‌పీవీ టీకా సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. భారత్, పెరూ, ఉగాండా, వియత్నాం నాలుగు దేశాల్లో ఒకే సంస్థ ఒకే ప్రశ్నతో నడిపిన పథకం ఇది. ప్రశ్న ఉంది, దానికి సమాధానం రాబట్టే పద్ధతి ఉంది, వచ్చిన సమాధానాన్ని లోకానికి చెప్పే ఉద్దేశం ఉంది. దాన్ని పరిశోధన అనకపోతే ఏమంటారు? స్థాయీ సంఘం కూడా ఇది ఔషధ ప్రయోగం కిందికే వస్తుందని తేల్చింది. అమ్మకానికి అనుమతి వచ్చిన మందు మీదైనా సరే, పిల్లల్ని పరిశోధనలోకి తీసుకుంటే 2006 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలే తల్లిదండ్రుల అంగీకారం, ఊహ తెలిసిన పిల్లల ఒప్పుదల రెండూ అడగాలంటాయి. ఆ నియమాలు రాసిన ఐసీఎంఆరే ఈ పనిలో భాగస్వామి. తనే ఆడుతూ తనే తీర్పరిగా ఉండటం కుదరదు కదా. ఇంకో మాట. ఇది ప్రభుత్వ కార్యక్రమమే అనుకుందాం. అప్పుడు టీకా వికటిస్తే బాధ్యత ప్రభుత్వానిది. కాదు, పరిశోధనే అనుకుందాం. అప్పుడు బీమా ఉండాలి, అంగీకారం ఉండాలి, పరిహారం ఉండాలి. ఈ పథకం నడిపినవాళ్లు ఏఎన్ఎంలను, పీహెచ్‌సీలను, బడులను కార్యక్రమం పేరుతో వాడుకున్నారు. బాధ్యత అడిగేసరికి ఇది వట్టి పరిశీలన అన్నారు. రెండు పేర్ల మధ్య ఉన్న సందులో పిల్లలు పడ్డారు. వాళ్లకు బీమా కూడా లేదని స్థాయీ సంఘమే రాసింది.

డాక్టరు: సరే, పద్ధతి తప్పింది. ఒప్పుకుంటాను. కాగితాలు సరిగా లేవు, సాక్షులు లేరు. కానీ కాగితం తప్పు వేరు, మనిషికి జరిగిన హాని వేరు. వైద్యంలో మేం మొదట అడిగేది రోగికి నష్టం జరిగిందా అని. ఇక్కడ నష్టం ఏదీ? వార్డెన్ సంతకం పెట్టినంత మాత్రాన టీకా విషం కాలేదు, తండ్రి సంతకం పెట్టినంత మాత్రాన అమృతం కాదు. మందుకు సంతకం ఎవరిదో తెలియదు. తప్పు చేసిన అధికారిని మందలించండి, కాగితాలు సరిచేయండి. అంతమాత్రానికి మొత్తం పనినే నేరంగా నిలబెట్టడం ఎందుకు?

మాస్టారు: మందుకు సంతకం ఎవరిదో తెలియదన్న మాట నిజం. కానీ తర్వాత ఏం జరిగిందో తెలిసేది ఆ సంతకం పెట్టిన మనిషి ద్వారానే. నా వాదమంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిక పట్టి వినండి. అంగీకారం అడగడమంటే తల్లికి మూడు విషయాలు తెలియడం. బిడ్డకు ఏం ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు, ఇచ్చాక ఏదైనా తేడా వస్తే ఎవరికి చెప్పాలి. ఈ మూడోది తెగిపోతే ఏమవుతుందో ఆలోచించండి. దుమ్ముగూడెం దగ్గరో చర్ల అవతలో గూడెంలో ఉన్న తల్లికి, హాస్టల్లో తన బిడ్డకు సూది వేశారనే తెలియదు. బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చింది. జ్వరమో, మూర్ఛో, కడుపునొప్పో, నెలసరిలో తేడానో వచ్చింది. తల్లి నాటుమందు ఇచ్చింది, లేదా ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయింది. ఆ సూదికీ ఈ బాధకూ సంబంధం ఉందా అని అడగాలన్న ఆలోచన ఆమెకు ఎట్లా వస్తుంది? అడిగినా ఎవరిని అడగాలి? వార్డెన్ దగ్గర సెలవుల్లో పిల్లే ఉండదు. అంటే దుష్ప్రభావం కనబడాల్సిన చోట చూసే కళ్లే లేకుండా చేశారు. ఆ తర్వాత, దుష్ప్రభావాలు పెద్దగా నమోదు కాలేదు గనుక టీకాతో హాని లేదని చెప్పారు. కాటా పాడైన చోట లారీలో బొగ్గు ఎంతుందని వాదించుకున్నట్టుంది ఇది. దుష్ప్రభావాల మీద నిఘా సరిగా లేదని, ఏడు మరణాలనూ లోతుగా పరిశీలించకుండానే టీకాతో సంబంధం లేదని కొట్టిపారేశారని స్థాయీ సంఘం అన్నదానికి అర్థం ఇదే. వాళ్ల చావులకు టీకా కారణం కాదనే నేనూ నమ్ముతాను. కానీ నమ్మడం వేరు, రుజువు చేయడం వేరు. ఆ వయసు పిల్లల్లో మామూలుగా ఏడాదికి ఎన్ని చావులు జరుగుతాయో ముందే లెక్కగట్టి, 14,000 మందినీ ఇంటిదాకా వెంట ఉండి గమనించి ఉంటే ఈ రోజు మీరు ఆ వదంతికి ఒక్క లెక్కతో జవాబు చెప్పేవారు. ఆ లెక్క మీ చేతిలో లేకపోవడానికి కారణం సైన్సు లోపం కాదు, నీతి లోపం. కాగితం తప్పుకూ హానికీ మధ్య మీరు గీసిన గీత అందుకే నిలవదు.

సంతకం ఉంటే చాలనీ నేను అనను. 2011లో పల్నాటి పిడుగురాళ్లలో పేద ఆడవాళ్లను హైదరాబాదుకు తీసుకెళ్లి డబ్బులిచ్చి మందులు మింగించిన సంగతి బయటపడింది. సంతకం ఉండి స్వేచ్ఛ లేకపోయినా, స్వేచ్ఛ ఉండి సమాచారం లేకపోయినా అంగీకారం అంగీకారం కాదు. వేలిముద్ర కూడా తప్పేమీ కాదు. చదువు రాని తల్లికి, సంస్థతో సంబంధం లేని ఒక సాక్షి ఎదుట ఆమె భాషలో చదివి వినిపించి వేయించుకున్న వేలిముద్ర, ఏ పట్టభద్రుడి సంతకానికీ తీసిపోదు. ఇక్కడ లోటు అక్షరానిది కాదు, సాక్షిది.

డాక్టరు: మీ వాదంలో బలం ఉంది. అయినా రెండు విషయాలు మీరు దాటవేస్తున్నారు. ఒకటి, ఆపడం వల్ల జరిగిన నష్టం. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన ఆదేశంతో ఖమ్మం, వడోదర పనులతోపాటు దేశంలో వేరేచోట్ల నడుస్తున్న ఇంకో పెద్ద హెచ్‌పీవీ పరిశోధన కూడా మధ్యలో ఆగింది. చాలామంది అమ్మాయిలకు ఒక్క డోసుతోనే సరిపెట్టాల్సి వచ్చింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వాళ్లను పదేళ్లు గమనిస్తే ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తోందని తేలింది. ఒక్క డోసు చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం వెనుక ఆ భారతీయ ఆధారం ఉంది. లోకమంతా బాగుపడింది, మనం మాత్రం పదేళ్లకు పైగా భయంతో ఊరుకున్నాం. స్వదేశీ టీకాకు అనుమతి 2022లో వచ్చింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి చెప్పింది 2024 మధ్యంతర బడ్జెట్‌లో. మధ్యలో పోయిన ఏళ్లలో ఒక తరం ఆడపిల్లలు టీకా వయసు దాటిపోయారు. రెండోది, మీ నియమాలు ఇంత బిగిస్తే రేపు ఆదివాసుల మధ్య పరిశోధన చేయడానికే ఎవరూ రారు. సికిల్ సెల్ రక్తహీనత మీద, మలేరియా మీద, పిల్లల పౌష్టికాహారం మీద పరిశోధన ఎక్కడ జరగాలి? బంజారాహిల్స్‌లోనా? అడవిలో మనుషుల్ని కాపాడుతున్నామని చెప్పి వాళ్లను సైన్సుకు దూరం పెట్టడం కూడా అన్యాయమే.

మాస్టారు: రెండూ గట్టి ప్రశ్నలే. మొదటిదానికి జవాబు. ఆ పదేళ్లు పోగొట్టింది ప్రశ్న అడిగినవాళ్లు కాదు. అడిగే అవకాశం ఇచ్చిన పని తీరు. వేల మంది తల్లుల్ని కూర్చోబెట్టి కోయ భాషలో, లంబాడీ భాషలో, తెలుగులో చెప్పడానికి నాలుగు నెలలు పట్టేదేమో. ఆ నాలుగు నెలలు మిగుల్చుకోబోయి పదేళ్లు పోగొట్టుకున్నారు. మీరు చెప్పిన ఖర్చంతా నిజమే గానీ, దాన్ని నీతి ఖాతాలో రాయకండి. నీతి లేని ఖాతాలో రాయండి. ఒక్క డోసు సంగతి మంచిదే, అదృష్టం కలిసి వచ్చింది. కానీ అనుకోకుండా దొరికిన ఫలితం వెనక్కి వెళ్లి అనుమతిగా మారదు. ఇక రెండో ప్రశ్న. ఆదివాసుల్ని పరిశోధనకు దూరం పెట్టమని నేను అనడం లేదు. సికిల్ సెల్ వాళ్ల జబ్బు. దాని మీద పరిశోధన వాళ్ల మధ్యే జరగాలి, ఫలితం మొదట వాళ్లకే అందాలి. భారం మోసేదీ లాభం పొందేదీ ఒకే జనమైతే అది న్యాయం. హెచ్‌పీవీ అన్ని కులాల, అన్ని వర్గాల ఆడవాళ్ల జబ్బు. అప్పుడు హాస్టల్ పిల్లల్ని ఎంచుకోవడానికి కారణం జబ్బు కాదు, సౌకర్యం. వరుసలో నిలబెడితే నిలబడతారు, ఎందుకని అడగరు, అడిగే తల్లిదండ్రులు దూరంలో ఉంటారు. అమెరికాలో టస్కీగీ అనే ఊళ్లో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి పేద రైతుల్ని సిఫిలిస్ పరిశోధనలో పెట్టి, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నారు. ఖమ్మంలో జరిగింది అంత ఘోరం కాదు, ఇక్కడ ఇచ్చింది మంచి మందే. కానీ మనుషుల్ని ఎంచుకున్న సూత్రంలో పోలిక ఉంది. అక్కడి పాఠం నుంచి 1979లో పుట్టిన బెల్మాంట్ నివేదిక చెప్పిన మూడో సూత్రమే అది. సులువుగా దొరుకుతారన్న కారణంతో ఎవరి మీదా భారం పెట్టకూడదు.

డాక్టరు: ఇదంతా ఇప్పుడు చట్టంలోకి వచ్చింది కదా. 2013 జనవరిలో పరిహారం నిబంధనలు వచ్చాయి. బలహీన వర్గాల వాళ్లను కొత్త మందుల ప్రయోగాల్లోకి తీసుకుంటే అంగీకారం వీడియో తీయాలన్నారు. 2019లో కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. నైతిక సంఘాలు రిజిస్టర్ కావాలి, అందులో వైద్యులు కానివాళ్లూ ఉండాలి. స్థాయీ సంఘం నివేదికను కోర్టు చూడవచ్చా లేదా అన్న ప్రశ్నకు, చూడవచ్చని 2018 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ వ్యాజ్యంలోనే జవాబు చెప్పింది. ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి ప్రవర్తన, నీతి, సంభాషణ మీద తప్పనిసరి మాడ్యూళ్లున్నాయి. ఇక మిగిలిందేముంది? అసలు నీతిని క్లాసులో నేర్పగలమా? ఇంట్లో రాని సంస్కారం లాగ్‌బుక్కులో వస్తుందా? అనాటమీ, ఫార్మకాలజీలతో సతమతమయ్యే పిల్లలకు ఇదో సంతకాల పుస్తకం అవుతుంది, అంతే.

మాస్టారు: సంతకాల పుస్తకం అవుతుందన్న మీ భయం అక్షరాలా నిజం కావచ్చు. అట్లా అయితే ఖమ్మంలో జరిగిందే కాలేజీలో జరిగినట్టు. చదవకుండా సంతకం చేసే అలవాటే అక్కడా నేర్పినట్టు. కానీ సంస్కారం వేరు, నైపుణ్యం వేరు. హెచ్‌పీవీ పనిలో పాలుపంచుకున్న హెడ్మాస్టర్లు, వార్డెన్లు, ఏఎన్ఎంలు చెడ్డవాళ్లా? కాదు. పైనుంచి సర్క్యులర్ వచ్చింది, సంతకం పెట్టారు. టార్గెట్ వచ్చింది, సూది వేశారు. వాళ్లలో లేనిది సంస్కారం కాదు, 'ఈ సంతకం నేను పెట్టవచ్చా' అని పై అధికారిని రాతపూర్వకంగా అడిగే నైపుణ్యం, ఆ అడిగే హక్కు తనకుందన్న ఎరుక. అది నేర్పవచ్చు. కుట్టు వేయడం నేర్పినట్టే నేర్పవచ్చు. 2022లో కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, ఏటా 150 మంది చేరుతున్నారు. వీళ్లలో కొందరైనా రేపు చర్ల, దుమ్ముగూడెం, గుండాల పీహెచ్‌సీల్లో కూర్చుంటారు. ఇట్లాంటి సర్క్యులర్లు వాళ్ల బల్ల మీదికి తప్పకుండా వస్తాయి. న్యూరెంబర్గ్ నియమావళి గురించి, టస్కీగీ గురించి వాళ్లు చదువుకుంటారు, మంచిదే. తమ కాలేజీ ఉన్న పట్నంలో జరిగిన పని పార్లమెంటు నివేదిక దాకా ఎందుకు పోయిందో కూడా చదవాలి కదా. సాక్షి సంతకం లేని పత్రం నమూనా ఒకటి చేతికిచ్చి, ఇందులో ఏమేం లోపాలున్నాయో, నువ్వు మెడికల్ ఆఫీసరువైతే ఏం చేస్తావో రాయమని పరీక్షలో అడగండి. కోయ మాట్లాడే తల్లి పాత్రలో ఒకరిని కూర్చోబెట్టి, ఈ టీకా గురించి ఐదు నిమిషాల్లో అర్థమయ్యేట్టు చెప్పమనండి. చెప్పలేనివాడు ఆ మార్కులు పోగొట్టుకోవాలి. చట్టం నియమాన్ని రాస్తుంది. నియమానికి విరుద్ధంగా వచ్చిన ఆదేశం ముందు నిలబడాల్సింది మాత్రం ఒక కుర్ర డాక్టరు. ఆ క్షణానికి తయారు చేయడమే వైద్య విద్యలో నీతి పాఠం పని.

డాక్టరు: నాకింకా ఒక భయం ఉంది మాస్టారూ. ఈ కేసును క్లాసులో చెబితే పిల్లల మనసులో మిగిలేది టీకాల మీద అనుమానం. రేపు వాళ్లే 'ఆ టీకానా, ఖమ్మంలో గొడవైందే' అంటారు. హెచ్‌పీవీ టీకా బడుల దాకా వచ్చే రోజున అనుమానించే డాక్టరు ఉంటే ఆశా కార్యకర్త ఏం చెబుతుంది, తల్లి ఏం నమ్ముతుంది? దీనికి మీ దగ్గర జవాబుందా?

మాస్టారు: ఉంది. కేసును సగం చెబితే ఆ ప్రమాదం ఉంటుంది. మొత్తం చెప్పాలి. టీకా పనిచేస్తుందన్న స్వీడన్, స్కాట్లాండ్ లెక్కలూ చెప్పాలి, 2,763 వార్డెన్ సంతకాలూ చెప్పాలి. చావులకు టీకా కారణమని ఆధారం లేదనీ చెప్పాలి, ఆ మాట జనం ఎందుకు నమ్మలేదో కూడా చెప్పాలి. మంచి మందును కూడా తప్పుగా ఇవ్వవచ్చని తెలిసిన డాక్టరు టీకాకు శత్రువు కాడు, దానికి దొరికే అందరికంటే గట్టి సాక్షి. తల్లి అడిగిన ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పేది అతనే.

సంవాదం ఇక్కడ ఆపి, మొదట చెప్పినట్టు నా మొగ్గు చెబుతాను. డాక్టరు వాదంలో రెండు మాటలు నిలబడతాయి. ఈ టీకా ప్రాణాలు కాపాడుతుంది. దాన్ని ఆలస్యం చేసిన ప్రతి ఏడాదికీ ఆడవాళ్లు ప్రాణాలతో ఖరీదు కట్టారు. కానీ ఆ ఆలస్యానికి మూలం ఎక్కడుందన్న ప్రశ్నకు మాస్టారు ఇచ్చిన జవాబుకు డాక్టరు దగ్గర ప్రతివాదం లేదు. అంగీకారాన్ని పక్కన పెట్టినప్పుడు కోల్పోయింది తల్లుల హక్కు ఒక్కటే కాదు. తన మందు హాని చేయలేదని నిరూపించుకునే దారిని సైన్సు కూడా కోల్పోయింది. నీతి అనేది వైద్యానికి బయటి నుంచి తగిలించిన సంకెల అయితే, దాన్ని తీసేసిన చోట వైద్యం వేగంగా సాగిపోవాలి. ఖమ్మంలో అది తీసేశాక వైద్యమే ఆగిపోయింది. వాదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అందుకే అడగాల్సినవాళ్లను అడుగుతున్నాను. కొత్తగూడెం వైద్య కళాశాల ఈ ఉదంతాన్ని తన విద్యార్థులకు పాఠంగా పెట్టాలి, పరీక్షలో ప్రశ్నగా అడగాలి. ఏజెన్సీలో ఏ పరిశోధన జరిగినా దాన్ని పరిశీలించే నైతిక సంఘంలో కోయ భాష వచ్చిన సామాన్యుడొకరు ఉండాలి. ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో వార్డెన్ ఏ వైద్య పత్రం మీద సంతకం చేయవచ్చో, దేని మీద చేయకూడదో జిల్లా యంత్రాంగం ఒక ఉత్తర్వుతో తేల్చాలి. హెచ్‌పీవీ టీకా మన బడులకు వచ్చినప్పుడు తల్లిదండ్రులు దాన్ని తప్పకుండా వేయించాలి. వేసేముందు మాస్టారు చెప్పిన ఆ మూడు ప్రశ్నలు అడిగే హక్కు వాళ్లకుందని, వాటికి జవాబు చెప్పడం వేసేవాళ్ల బాధ్యతని కూడా తెలుసుకోవాలి.